బహుభార్యాత్వం మీద మిత్రుల మధ్య వాదన: మతాలు నిజంగా ఏమంటున్నాయి, మేము ఎక్కడ తప్పాము?

ప్రశ్న

మేము ఐదుగురు మిత్రులం. చదువుకునే రోజుల నుంచి, అంటే దాదాపు 17 ఏళ్లుగా, ఒకరి కష్టసుఖాలు ఒకరం పంచుకుంటూ వచ్చాము. మాలో ఇద్దరు హిందువులు, ఒకరు ముస్లిం, ఒకరు క్రైస్తవురాలు. ఐదవ మిత్రురాలు ఏ మతాన్నీ పాటించదు. మా అందరికీ బాగా తెలిసిన ఒక వ్యక్తి, భార్య ఉండగానే మరో వివాహానికి సిద్ధపడుతున్నాడని గత నెలలో తెలిసింది. ఆయన ఏ మతస్థుడో ఇక్కడ కావాలనే రాయడం లేదు. ఆ ఒక్క మాట బయటపడగానే చర్చ ఎటు కొట్టుకుపోతుందో కళ్లారా చూశాను.

మా చర్చ పది నిమిషాలలోనే దారి తప్పింది. ఆ వ్యక్తిని, ఆయన భార్యను పూర్తిగా మరచిపోయి, ఎవరి మతం గొప్పది అన్న వాదనలోకి దిగాము. రాముడి ఏకపత్నీవ్రతమే మా ఆదర్శమని గొంతు పెంచి వాదించింది నేనే. సృష్టి ఆరంభం నుంచి ఒక పురుషుడికి ఒకే స్త్రీ అని తమ గ్రంథం చెబుతోందని క్రైస్తవ మిత్రురాలు అంది. రెండవ హిందూ మిత్రుడు నలుగురు భార్యల ప్రస్తావన తెచ్చి, ముస్లిం మిత్రుడిని సంజాయిషీ చెప్పుకోమన్నట్లుగా నిలదీశాడు. అతడు మొదట ఓపికగానే వివరించబోయాడు. మేము మాట పూర్తి కానివ్వకపోవడంతో, దశరథుడికి ముగ్గురు, సొలొమోనుకు వందలమంది అని ఎదురు లెక్క చెప్పి లేచి వెళ్లిపోయాడు.

ఐదవ మిత్రురాలు అంతసేపూ ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఆ రాత్రి ఆమె నుంచి సందేశం వచ్చింది. ఆమె తండ్రికి రెండు సంసారాలు ఉన్నాయట. ఆ సంగతి ఇన్నేళ్లలో మాకెవరికీ తెలియదు. "ఆ ఇంట్లో ఉన్న ఆడవాళ్లు ఎలా ఉన్నారని మీలో ఒక్కరైనా అడుగుతారేమోనని చివరి దాకా ఎదురుచూశాను" అని రాసింది.

నా ప్రశ్నలు రెండు. ఈ విషయంలో మతాల మధ్య మేమనుకున్నంత తేడా నిజంగా ఉందా? అందరికంటే ఎక్కువగా వాదించిన నేను ఇప్పుడు ఆమెతో ఏ ముఖం పెట్టుకొని మాట్లాడాలి?

సమాధానం 1

మీ మొదటి ప్రశ్నకు మాత్రమే నేను జవాబు చెప్పగలను. మీలో ఎవరూ అబద్ధం చెప్పలేదు. కాని ప్రతి ఒక్కరూ తమ మతంలోని ఆదర్శాన్ని తీసుకొని ఎదుటివారి మతంలోని ఆచరణతో పోల్చారు. ఆదర్శాన్ని ఆదర్శంతోను, ఆచరణను ఆచరణతోను పోల్చి ఉంటే మీ వాదన అంత దూరం వెళ్లేది కాదు.

మీరు చెప్పిన రామాయణాన్నే చూడండి. కుమారుడు ఏకపత్నీవ్రతుడు, తండ్రికి ముగ్గురు భార్యలు. ఆ ముగ్గురిలో ఒకరికి తన కొడుకు స్థానం ఏమవుతుందోనన్న భయం కలగడం వల్లనే కథ అడవి దారి పట్టింది. ధర్మశాస్త్రాలలోనూ ఒకే స్వరం వినిపించదు. ధర్మాచరణకు, సంతానానికి లోటు లేని భార్య ఉండగా మరొకరిని వివాహమాడరాదని ఆపస్తంబ ధర్మసూత్రం చెబుతుంది. మనుస్మృతి మాత్రం సంతానం లేని భార్య ఉంటే 8వ సంవత్సరంలో, ఆడపిల్లలనే కన్న భార్య ఉంటే 11వ సంవత్సరంలో మరొకరిని తెచ్చుకోవచ్చని అనుమతి ఇస్తుంది. బెంగాలులో కులీన బ్రాహ్మణులు పదుల సంఖ్యలో పెళ్లిళ్లు చేసుకొని భార్యలను పుట్టిళ్లలోనే వదిలేసిన దురాచారానికి వ్యతిరేకంగా ఈశ్వరచంద్ర విద్యాసాగర్ 1871లోను, 1873లోను పుస్తకాలు రాయవలసి వచ్చింది. శాస్త్రాలను ఎదురుగా పెట్టుకొనే ఆయన శాస్త్రుల వాదనలను ఖండించారు. హిందువులలో రెండవ వివాహం చెల్లదని చట్టం చేసింది మద్రాసు రాష్ట్రంలో 1949లో, దేశవ్యాప్తంగా 1955లో. అంటే మనం అనాదిగా వస్తున్నదని చెప్పుకొనే నియమం, చట్టంగా చూస్తే, ఒక మనిషి జీవితకాలం కంటే పాతది కాదు.

బైబిలు పాత నిబంధనలో అబ్రాహాము, యాకోబు, దావీదు అందరూ ఒకరికంటే ఎక్కువమంది స్త్రీలతో సంసారం చేసినవారే. సొలొమోనుకు 700 మంది భార్యలు, 300 మంది ఉపపత్నులు ఉన్నారని రాజుల మొదటి గ్రంథం చెబుతుంది, అయితే వారి వల్లనే అతడి హృదయం దారి మళ్లిందని కూడా అదే అధ్యాయం చెబుతుంది. ద్వితీయోపదేశకాండంలో ఇంకా ముఖ్యమైన మాట ఒకటి ఉంది: ఇద్దరు భార్యలున్నవాడు తనకు ఇష్టం లేని భార్యకు పుట్టిన జ్యేష్ఠుడి హక్కును ఇష్టమైన భార్య కొడుకుకు ఇవ్వకూడదు. ఇళ్లలో ఏమి జరుగుతోందో తెలియకపోతే అలాంటి నియమం పుట్టదు కదా. ఐరోపా యూదులలో రబ్బీ (యూదు మతగురువు) గెర్షోం సుమారు 1000వ సంవత్సరంలో బహుభార్యాత్వాన్ని నిషేధించారు. యెమెను యూదులలో ఆ తరువాత కూడా అది చాలాకాలం సాగింది. క్రైస్తవం పుట్టకముందే రోమన్ చట్టం ఏకవివాహాన్నే గుర్తించేది. క్రైస్తవం ఆ నేల మీద పెరిగింది. అయినా 1540లో జర్మనీలోని హెస్సే ప్రభువు ఫిలిప్ రెండవ వివాహం చేసుకోదలచినప్పుడు, ప్రొటెస్టెంటు సంస్కరణకు ఆద్యుడైన సాక్షాత్తు మార్టిన్ లూథరే రహస్యంగా ఉంచే షరతు మీద సమ్మతించాడు.

నేటి లెక్కలు చూస్తే సంగతి మరింత స్పష్టమవుతుంది. ప్యూ పరిశోధనా సంస్థ 2020లో ప్రచురించిన వివరాల ప్రకారం ప్రపంచ జనాభాలో సుమారు 2 శాతం మంది మాత్రమే ఇలాంటి కుటుంబాలలో ఉన్నారు. బుర్కినాఫాసోలో ఇది 36 శాతం, మాలీలో 34 శాతం. చాద్‌లో ముస్లింలకంటే క్రైస్తవులలోనే ఈ వాటా ఎక్కువ. భారతదేశంలో 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తమ భర్తకు మరో భార్య ఉందని చెప్పిన స్త్రీలు ముస్లింలలో 1.9 శాతం, హిందువులలో 1.3 శాతం. ఒకరికి చట్టం అనుమతి ఉంది, మరొకరికి నిషేధం ఉంది. అయినా తేడా అంతే. మనిషి ఏ మతంవాడు అన్నదానికంటే ఏ ప్రాంతంవాడు, అక్కడ కుటుంబాలు ఎలా నడుస్తున్నాయి అన్నదే ఎక్కువ నిర్ణయిస్తోందని నాకు అనిపిస్తుంది.

సమాధానం 2

లేచి వెళ్లిపోయిన ఆ ముస్లిం మిత్రుడి స్థానంలో నేను ఎన్నోసార్లు ఉన్నాను కనుక రాస్తున్నాను. పెళ్లి మాట వచ్చిన ప్రతిచోటా "నీకేమిటి, నలుగురిని చేసుకోవచ్చు" అని ఎవరో ఒకరు అంటారు. అన్నవారికి అది సరదా. వింటున్న నాకు మాత్రం, పక్కనే కూర్చున్న నా భార్య ముఖం ఆ క్షణంలో ఎలా మారుతుందో కనిపిస్తుంది. మా నాన్నగారికి ఒకరే భార్య, తాతగారికీ ఒకరే. అయినా జీవితాంతం నేను చేయని పనికి నేనే సంజాయిషీ ఇచ్చుకుంటూ ఉండాలి.

ఖుర్ఆన్ 4వ సూరా (అధ్యాయం) 3వ వాక్యం అనాథల పట్ల న్యాయం గురించి మొదలవుతుంది. ఇద్దరిని, ముగ్గురిని, నలుగురిని వివాహమాడవచ్చని చెప్పి, న్యాయం చేయలేమన్న భయం ఉంటే ఒక్కరినే అని వెంటనే చెబుతుంది. అంతవరకు హద్దే లేని చోట నాలుగు అన్నది హద్దు. అదే సూరా 129వ వాక్యం, మీరు ఎంతగా కోరుకున్నా భార్యల మధ్య సంపూర్ణ న్యాయం చేయలేరని చెబుతుంది. ఈ రెండింటినీ కలిపి చదివి, షరతు నెరవేరడం అసాధ్యం కనుక అనుమతి కూడా లేనట్లేనన్న తర్కంతో ట్యునీషియా 1956లో బహుభార్యాత్వాన్ని నిషేధించింది. సంప్రదాయ పండితులలో ఎక్కువమంది దీన్ని ఒప్పుకోరు. 129వ వాక్యం చెప్పేది హృదయంలోని ప్రేమ గురించని, 3వ వాక్యం అడిగేది ఖర్చులోను, సమయంలోను సమానత్వమని వారంటారు. ప్రవక్త తన మొదటి భార్య ఖదీజాతో ఆమె మరణించేవరకు, అంటే దాదాపు 25 ఏళ్లు, మరో వివాహం లేకుండా జీవించారు. ప్రవక్త కూతురు ఫాతిమా భర్త అలీ మరో పెళ్లి చేసుకోదలచినప్పుడు, ఫాతిమా నాలో భాగమని, ఆమెను బాధించేది నన్నూ బాధిస్తుందని ప్రవక్త చెప్పిన సంగతి బుఖారీ హదీసుల (ప్రవక్త మాటల, చేతల కథనాల) సంకలనంలో ఉంది. ఒక ఆడపిల్ల తండ్రిగా నేను తరచు తలచుకొనే హదీసు అది.

నా సమాజాన్ని వెనకేసుకు రావడానికి ఇదంతా చెప్పడం లేదు. భర్త మరో పెళ్లి చేసుకోకూడదని నికా ఒప్పందంలో షరతు పెట్టుకొనే హక్కు, ఇస్లాం న్యాయ సంప్రదాయాలలో ఒకటైన హంబలీ సంప్రదాయం స్త్రీకి స్పష్టంగా ఇచ్చింది. ఆ షరతును నోరు తెరిచి అడిగిన తల్లిదండ్రులను నేను ఇంతవరకు చూడలేదు. న్యాయం చేయగలనో లేదో తేల్చుకొనే పని పురుషుడి మనస్సాక్షికే వదిలేసి మిగిలినవారం మౌనంగా ఉంటున్నాము. ఈ విమర్శ నేను చేయగలను, మీరూ చేయవచ్చు. కాని మిత్రుడిని బోనులో నిలబెట్టినప్పుడు అతడి నోట ఈ విమర్శ రాదు, రక్షణ మాత్రమే వస్తుంది.

సమాధానం 3

నేను రెండవ భార్య కూతురిని. మీ మిత్రురాలి సందేశం చదివాక చాలాసేపు ఏమీ రాయలేకపోయాను.

పై ఇద్దరూ చెప్పినవి విలువైన విషయాలే. కాని మా ఇంట్లో ఏ గ్రంథమూ ఎవరూ తెరవలేదు. మా ఇంట్లో ఉన్నది రోజుల లెక్క. నాన్న ఈ వారం మూడు రోజులు వస్తారా, రెండు రోజులేనా? పండుగ రోజున ముందు ఎవరింటికి వెళతారు? జ్వరం వచ్చిన రాత్రి ఫోన్ చేయవచ్చా, చేస్తే అక్కడ ఎవరు ఎత్తుతారు? అమ్మ ఈ లెక్కలను బయటికి చెప్పేది కాదు గాని, ఆయన వచ్చే రోజున ఆమె అడుగులో ఉండే తొందర, వెళ్లిపోయిన మర్నాడు ఆమె మాటలో ఉండే నీరసం నాకు ఏడేళ్ల వయసులోనే తెలిసిపోయాయి. చుట్టుపక్కలవారు అమ్మను ఒకరి కాపురం కూల్చినదానిగా చూశారు. ఆమెకు పెళ్లి నాటికి 19 ఏళ్లు. ఆయనకు అంతకుముందే పెళ్లయిందన్న సంగతి పెద్దలకు తెలుసు, ఆమెకు చెప్పలేదు.

నాన్న మొదటి భార్యను నేను పెద్దమ్మ అని పిలిచేదాన్ని, అయితే ఎదురుగా నిలబడి అలా పిలిచింది మూడుసార్లే. ఆమె కష్టం అమ్మ కష్టానికి తక్కువేమీ కాదని పెద్దయ్యాక అర్థమైంది. నాన్న పోయిన రోజున ఇద్దరూ ఒకే గదిలో కూర్చున్నారు. వచ్చినవారు ఎవరిని ముందు పలకరించాలో తెలియక గుమ్మంలో తటపటాయించడం నాకు ఇప్పటికీ కళ్ల ముందు ఉంది. వాళ్లిద్దరూ ఒకరినొకరు ద్వేషించుకున్నారని అందరూ అనుకునేవారు. ఆ సాయంత్రం పెద్దమ్మే లేచి వెళ్లి అమ్మకు మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది.

బహుభార్యాత్వం మంచిదా చెడ్డదా అని నన్ను ఎవరైనా అడిగితే, చెడ్డదనే చెబుతాను, తడుముకోకుండా చెబుతాను. కాని ఆ మాట నా తల్లిని అవమానించడానికి ఒక అవకాశంగా వాడుకొనేవారి పక్కన నిలబడి మాత్రం చెప్పలేను. మీ మిత్రురాలు మౌనంగా ఉండటానికి కారణం బహుశా ఇదే. మీరు ఖండించినకొద్దీ ఆమె ఇల్లు ఆమెకు ఇంకా చిన్నదై కనిపించి ఉంటుంది. సమర్థించి ఉంటే ఆమె తల్లి కన్నీళ్లను తుడిచిపెట్టినట్లు ఉండేది.

ఆమె దగ్గరకు వెళ్లండి. మీ అభిప్రాయం మారిందని చెప్పడానికి వెళ్లకండి. వాళ్ల అమ్మ ఎలా ఉన్నారని అడగండి, తరువాత ఆమె చెప్పింది వినండి.

సమాధానం 4

ఇక్కడ అందరూ ఒకే వైపు నుంచి మాట్లాడుతున్నారు కనుక వేరే మాట చెప్పదలచాను. తెలిసి, ఇష్టపడి, ఎవరినీ మోసం చేయకుండా ముగ్గురు పెద్దవాళ్లు కలిసి జీవించదలిస్తే మనకేమి అభ్యంతరం? టిబెట్‌లో అన్నదమ్ములందరూ ఒకే స్త్రీని వివాహమాడే పద్ధతి ఉండేది. భూమి ముక్కలు కాకుండా కుటుంబాన్ని నిలబెట్టుకోవడానికి అది వారికి ఉపయోగపడింది. అమెరికాలో ఈ ఆచారానికి పేరుపడిన యూటా రాష్ట్రం కూడా 2020లో, ఇష్టపూర్వకంగా కలిసి ఉన్న పెద్దలకు జైలుశిక్ష లేకుండా దాన్ని చిన్న ఉల్లంఘనగా మార్చింది. నా మిత్రులలో ఇలా ఆలోచించేవారు ఉన్నారు, వారు చెడ్డవారు కారు. ఇష్టం అన్నదాన్ని మనం పూర్తిగా కొట్టిపారేస్తే స్త్రీకి సొంత నిర్ణయశక్తి లేదని చెప్పినట్లు కాదా?

సమాధానం 3 రాసినవారి నుంచి

మీరు నిజాయితీగా అడిగారు కనుక నిజాయితీగానే చెబుతాను. ఇష్టాన్ని నేను కొట్టిపారేయడం లేదు. కాని వద్దని చెప్పిన మర్నాడు కూడా తలదాచుకోవడానికి చోటు, తినడానికి తిండి, పిల్లలు తన దగ్గరే ఉంటారన్న ధీమా ఉన్న స్త్రీ సరే అంటే అది ఇష్టం. పెద్దమ్మ కూడా సరే అన్నదని నాన్న చెప్పుకొనేవారు. ఆమెకు అప్పుడు సొంత సంపాదన లేదు, పుట్టింట్లో ఎవరూ మిగలలేదు.

సమాధానం 5

నేను క్రైస్తవుడిని. నిషేధించినంత మాత్రాన మా చేతులు శుభ్రమైపోవని మా సంఘ చరిత్రే నేర్పింది. ఆంగ్లికన్ (ఇంగ్లండు చర్చి సంప్రదాయపు) బిషప్పుల లాంబెత్ సమావేశం 1888లో, ఒకరికంటే ఎక్కువ భార్యలున్న పురుషుడికి ఆ స్థితిలో బాప్తిస్మం ఇవ్వరాదని తీర్మానించింది. దాని ఫలితాన్ని ఆఫ్రికాలో అనుభవించింది ఎవరు? సంఘంలో చేరడానికి పురుషుడు ఒక భార్యను ఉంచుకొని మిగిలినవారిని పంపివేస్తే, వారు పిల్లలతో సహా దిక్కులేనివారయ్యారు. ఏకవివాహం అనే ధర్మాన్ని నిలబెట్టడానికి, ఏ తప్పూ చేయని స్త్రీలు వీధిన పడ్డారు. సరిగ్గా 100 ఏళ్ల తరువాత, 1988లో, అదే సమావేశం మాట మార్చుకుంది: అలాంటి వ్యక్తిని విశ్వసించిన భార్యలతో, పిల్లలతో సహా చేర్చుకోవచ్చు, ఇకముందు మరో వివాహం చేసుకోనని అతడు మాట ఇవ్వాలి, ఉన్న భార్యలలో ఎవరినీ విడిచిపెట్టమని అతడిని బలవంతం చేయకూడదు. ఏకవివాహమే దేవుని సంకల్పమన్న విశ్వాసాన్ని వదులుకోకుండానే ఆ మాట అనగలిగారు. మీ క్రైస్తవ మిత్రురాలికి ఈ సంగతి చెప్పండి.

సమాధానం 6

న్యాయవాదిగా కొద్ది మాటలు మాత్రం చెబుతాను, ఎందుకంటే మీరు చెప్పిన ఆ వ్యక్తి భార్యకు ఇవి అవసరం పడవచ్చు.

హిందూ వివాహ చట్టం కింద గాని, ప్రత్యేక వివాహ చట్టం కింద గాని పెళ్లయి ఉంటే, ఆ పెళ్లి నిలిచి ఉండగా చేసుకొనే రెండవ పెళ్లి చెల్లదు. మొదటి భార్య అంగీకార పత్రం రాసి ఇచ్చినా చెల్లదు. ఇది నేరం కూడా, ఏడేళ్ల వరకు శిక్ష పడవచ్చు. రెండో పెళ్లి కోసమే మతం మారినా తప్పించుకోలేడని సుప్రీంకోర్టు 1995లో సరళా ముద్గల్ కేసులో చెప్పింది. చెల్లని వివాహంలో పుట్టిన పిల్లలు మాత్రం చట్టం దృష్టిలో సక్రమ సంతానమే. మొదటి పెళ్లిని దాచిపెట్టి చేసుకున్న స్త్రీకి భరణం నిరాకరించరాదని 2013లో మరో తీర్పు వచ్చింది. ముస్లిం వైయక్తిక చట్టం కింద స్థితి వేరు. అక్కడ నికా ఒప్పందంలో ఏమి రాసుకున్నారో ముందు చూడాలి. ఏ సందర్భంలోనైనా ఆమె ఏ కాగితం మీదా తొందరపడి సంతకం చేయకూడదు.

ప్రశ్న అడిగినవారి నుంచి

అందరికీ నమస్కారం. ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించండి.

ముందుగా ముస్లిం మిత్రుడి ఇంటికి వెళ్లి క్షమాపణ అడిగాను. ఆయన భార్య ఎదురుగానే అడిగాను, ఎందుకంటే సమాధానం 2 చదివాక ఆమెకు కూడా నేను బాకీ ఉన్నానని అనిపించింది. తరువాత ఐదవ మిత్రురాలిని కలిశాను. సలహా ఇచ్చినట్లుగానే వాళ్ల అమ్మగారు ఎలా ఉన్నారని అడిగాను. ఆమె మూడు గంటలు మాట్లాడింది. 17 ఏళ్ల స్నేహంలో ఆమె అంతసేపు మాట్లాడగా నేను వినడం ఇదే మొదటిసారి. అందులోని విషయాలు ఆమెవి, ఇక్కడ రాయను.

వెళ్లేముందు ఆమె ఒకటి అడిగింది: ఆ వ్యక్తి భార్యను మీలో ఎవరైనా కలిశారా అని. ఎవరమూ కలవలేదు. మొన్న ఆదివారం మేమిద్దరం వెళ్లాము. ఆమె మమ్మల్ని కూర్చోబెట్టి, లోపలికి వెళ్లి, నాలుగు రోజుల కిందట భర్త తెచ్చి ఇచ్చిన అంగీకార పత్రాన్ని తీసుకొచ్చి మా చేతిలో పెట్టింది. కింద సంతకం చేయవలసిన చోట పెన్సిలుతో చిన్న గుర్తు పెట్టి ఉంది. ఆమె ఇంకా సంతకం చేయలేదు. సమాధానం 6లోని మాటలను నా మిత్రురాలు ఆమెకు నెమ్మదిగా రెండుసార్లు చదివి వినిపించింది. రేపు ముగ్గురం కలిసి న్యాయవాది దగ్గరకు వెళుతున్నాము.